ఖాళీ చేసే తేదీ

వచ్చే తేదీ చెప్పకపోతే ఆ యాప్ ఊరుకోదు. వెళ్ళే తేదీ చెప్పకపోతే అసలు ముందుకే కదలదు. మొదట్లో నాకది భలే నచ్చింది. మా ఇంటికొచ్చే చుట్టాలకి కూడా ఇలాంటిదొకటి ఉంటే ఎంత బాగుండునో అని మా ఆయనతో అన్నాను.

పటమటలో మా ఫ్లాట్‌కి ఎదురు ఫ్లాట్ మా అత్తగారిది. ఆవిడ పోయాక ఏడాది పాటు తాళం వేసి ఉంచి, చివరికి ఆ యాప్‌లో పెట్టి రోజుల లెక్కన అద్దెకిద్దామని నేనే పట్టుబట్టాను. కొత్త పరుపులు, కొత్త కర్టెన్లు వేయించాను. ఆవిడ ఆ పడగ్గదిలోనే, కిటికీ పక్క మంచం మీదే పోయింది. సొంతిల్లు కనక ఎవర్నీ అడిగే పనిలేకపోయింది. ఇరుగుపొరుగు వచ్చారు, ఫ్లాస్కుల్లో కాఫీలు తెచ్చారు, చెయ్యాల్సినవన్నీ చేశాం. వచ్చే గెస్టులకి మాత్రం ఆ సంగతి చెప్పలేదు. యాప్ కూడా అడగలేదు.

నెల తిరక్కముందే, ఓ శుక్రవారం నుంచి ఆదివారం దాకా విశాఖపట్నం నుంచి మగపెళ్ళివారు బుక్ చేసుకున్నారు. ఎనిమిది మంది. మా ఇంట్లో దిగబోయే మొదటి శుభకార్యం గదా అని వంటింట్లో క్యాలెండర్ మీద ఆ మూడు గళ్ళకీ పసుపు రాశాను.

ఆ వారమే, సోమవారం పొద్దున ఒకతను వచ్చాడు. ఆటోనగర్లో లారీలకి బాడీలు కట్టే షెడ్డు అతనిది. మా ఆయనకి అక్కడే స్పేర్ పార్టుల కొట్టు. ఆ పరిచయంతో ఆయన్ని అన్నా అనీ, నన్ను వదినగారూ అనీ పిలుస్తాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, కూర్చోమన్నా కూర్చోకుండా సంగతి చెప్పాడు. వాళ్ళ నాన్న నెల రోజులుగా ఆస్పత్రిలో ఉన్నాడు. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళమన్నారు డాక్టర్లు. ఇతనుండేది అద్దె ఇల్లు. ఎలా తెలిసిందో ఏమో, ఇంటి ఓనరు ముందే వచ్చి, ముసలాయన్ని ఇక్కడికి మాత్రం తేవద్దని చెప్పి వెళ్ళాడు. హనుమాన్ జంక్షన్ అవతల సొంతూళ్ళో ఉన్న పెంకుటిల్లు ఏనాడో కూలిపోయింది. మా ఫ్లాట్ ఇస్తే బుధవారం తీసుకొస్తానన్నాడు.

అద్దె ఇంట్లో చావంటే ఏమిటో మా వైపు తెలియని వాళ్ళెవరు? నక్షత్రం మంచిది కాకపోతే ఆ ఇల్లు మూడు నెలలో ఆరు నెలలో మూసేసి పాడుపెట్టాలి. మంచిదైనా సరే, ఆ తర్వాత దిగేవాళ్ళు ముందు వాచ్‌మన్‌ని ఆరా తీస్తారు. ఇవన్నీ చాదస్తాలని నలుగురిలో గట్టిగా వాదించేదాన్ని నేనే. ఆ వాదించే నోటితోనే అడిగాను.

“ఎప్పుడు ఖాళీ చేస్తారు?”



“అది మన చేతిలో లేదు గదండీ వదినగారూ,” అన్నాడు.

నా నోటికి ముందూ వెనకా లేదని మా అత్తగారు ఊరికే అనేది కాదు. సిగ్గేసింది. అయినా సర్దుకుని, శుక్రవారం పెళ్ళివారు దిగుతున్నారని చెప్పాను. చూసి చెప్తానని పంపించాను.

నిజానికి చూడ్డానికేం లేదు. ఇబ్బంది వచ్చిందని పెళ్ళివారికి చెప్పి, వాళ్ళకి ఇంకో ఇల్లు వెతికిపెడితే సరిపోయేది. కానీ కొత్తగా ఇల్లు పెట్టినవాళ్ళు మొదటి నెల్లోనే రద్దు చేస్తే ఆ యాప్‌లో అడుక్కి పోతారని ఎవరో వీడియోలో చెప్పగా విన్నాను. అన్నం దగ్గర కదిపితే మా ఆయన, నీ ఇష్టం, నక్షత్రం ఎలా పడుతుందో ఎవరికి తెలుసు అన్నాడు. నాది యాప్ భయం, ఆయనది నక్షత్రం భయం. పేర్లు వేరు గానీ భయం ఒకటే. లేచి చేతులు కడుక్కున్నాం.

మంగళవారం సాయంత్రం నేనే ఫోన్ చేశాను. రెండు రోజులకైతే ఇస్తాను, శుక్రవారం పొద్దున పదింటికల్లా మాత్రం ఖాళీ చెయ్యాలి అన్నాను. అన్నాక ఆ మాట నా చెవికే వినపడింది. అవతల ఆస్పత్రి మెషీనేదో కూస్తోంది. బతిమాలతాడనుకున్నాను. కోప్పడతాడనుకుని దానికో జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

“శుభకార్యం గదండీ, వాళ్ళకే ఇయ్యండి. మాదేం మంచి పని కాదు గదా. మేం ఏదోటి చూసుకుంటాంలే,” అన్నాడు. పైగా, ఇబ్బంది పెట్టినందుకు ఏమీ అనుకోవద్దన్నాడు.

గురువారం మధ్యాహ్నం పెళ్ళివారు రద్దు చేసుకున్నారు. కల్యాణ మండపం వాళ్ళే గదులిచ్చారట. చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపారు.

అతని నంబరు ఫోన్లో పైనే ఉంది. నేను చేయలేదు. ఈపాటికి ఎక్కడో చోటు చూసుకునే ఉంటాడనుకున్నాను. అనుకోవడం కాదు, అలా అయితే బాగుండునని కోరుకున్నాను. ఇల్లు ఖాళీగా ఉందంటే వచ్చేస్తారు గదా. ఈసారి అడ్డం పెట్టుకోవడానికి పెళ్ళివారు కూడా లేరు. శుక్రవారం ఎదురింట్లోకి వెళ్ళి, ఎవరూ పడుకోని దుప్పట్లు మళ్ళీ సర్ది, తాళం వేసుకుని వచ్చాను.

శనివారం పదకొండింటికి మా ఆయన కొట్టు నుంచి ఫోన్ చేశాడు. ముసలాయన్ని బుధవారం నుంచి షెడ్లోనే ఉంచారట. ఆయన నన్నేమీ అనలేదు, దాంతో నాకింకా మండింది. తాళం చెవి తీసుకుని ఆటో ఎక్కాను. తీసుకొచ్చేద్దాం, ఏ నక్షత్రమైతే అదవుతుంది అనుకున్నాను దారంతా. నిజంగానే అనుకున్నాను.

ఆ వీధిలోకి తిరగ్గానే ఏదో తేడాగా అనిపించింది. సుత్తి చప్పుడు లేదని కాసేపటికి గాని తెలియలేదు. అతని షెడ్డుకి అటు నాలుగు, ఇటు నాలుగు షెడ్లవాళ్ళు రేకు కొట్టే పని ఆపేసి, రంగులేసుకుంటూ, వైర్లు బిగించుకుంటూ కూర్చున్నారు. పెద్దాయన పోయేదాకా ఇంతేనండీ అని పక్క షెడ్డు మేస్త్రీ చెప్పాడు. ఎన్నాళ్ళని వాళ్ళెవరూ అడిగినట్టు లేదు.

లోపల సగం కట్టిన లారీ బాడీ పక్కన నవారు మంచం. బరువులెత్తే గొలుసు కొక్కేనికి సెలైన్ సీసా వేలాడదీశారు. ముసలాయన నోరు తెరుచుకుని ఒక్కొక్క ఊపిరీ లాగుతున్నాడు. పైన రేకులు కాలి సెగ కొడుతోంది. కోడలు తడిగుడ్డతో ఆయన నుదురూ మెడా తుడుస్తోంది. అతను లేచి, స్టూలు దులిపి నాకు వేశాడు.

తాళం చెవి పిడికిట్లో ఉంది. మాట ఎలా మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. అంతలో ఆ కోడలు, గుడ్డ పిండుకుంటూ, మర్యాద కోసం అడిగింది.

“పెళ్ళివారికి ఇల్లు సరిపోయిందా అండీ?”

ఆ పిల్ల మొహంలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేసి, ఏడ్చేసి, తాళం చెవి దాని చేతిలో పెట్టి ఉండేదాన్ని. ఇల్లు గురువారం నుంచీ ఖాళీగానే ఉందని చెప్పాలంటే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి.

“సరిపోయిందమ్మా,” అన్నాను.

“పోన్లెండి,” అంది తృప్తిగా, మళ్ళీ మామగారి వైపు తిరిగింది.

కాసేపు కూర్చుని ఇంటికొచ్చేశాను. ఆదివారం తెల్లవారాక ఆయన ఆ నవారు మంచం మీదే పోయాడు. నేను వెళ్ళలేదు, మా ఆయన ఒక్కడే వెళ్ళి దహనం అయ్యాక వచ్చాడు. స్నానం చేసి, తల తుడుచుకుంటూ, నక్షత్రం మంచిదేనని పంతులు చెప్పాడన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.