బావగారి సుద్దగీతలు

మేస్త్రిగారి బావకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. కదలకుండా ఉన్న వస్తువేది కనబడినా దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీసేస్తాడు. సుత్తి చుట్టూ గీత, బకెట్టు చుట్టూ గీత, చెప్పుల చుట్టూ గీత. "లోకంలో సగం గొడవలు ఏ వస్తువుకీ తన చోటు తెలియకపోవడం వల్లే" అంటాడు. మిగతా సగం ఈయన వల్లేనని వాళ్లావిడ అంటుంది.

ఆవిడ మేస్త్రికి తోడబుట్టిన అక్క. మేస్త్రి పని కార్లను పైకెత్తే లిఫ్టులు బిగించడం. పద్దెనిమిదేళ్లుగా ఊళ్లో సగం గ్యారేజీల్లో నేలకు రంధ్రాలు పెట్టింది ఆయనే. ఎంత మొండి సిమెంటైనా ఆయన డ్రిల్లుకి లొంగింది గానీ, బావ మాత్రం ఎన్నడూ లొంగలేదు.

ఒకప్పుడు బావ ఇంట్లో పిల్లి ఉండేది. అది గ్యారేజీ మూల నిద్రపోతుంటే బావ దాని చుట్టూ కూడా గీసేశాడు. మర్నాడు అది జానెడు ఇవతల పడుకుంది. బావ దాన్ని మెల్లగా ఎత్తి గీతలో పెట్టాడు. అది లేచి వచ్చేసింది. మళ్లీ పెట్టాడు. నాలుగు రోజులు ఓర్చుకుని పిల్లి పక్కింటికి కాపురం మార్చేసింది. "దానికి క్రమశిక్షణ లేదు" అని బావ తేల్చేశాడు. దాని గీత మాత్రం అలాగే ఉంచాడు, ఎప్పటికైనా బుద్ధి తెచ్చుకుని వస్తుందని.

అలాంటి మనిషి ఒకరోజు ఫోన్ చేసి, "ఒరేయ్, మన గ్యారేజీలో లిఫ్టు పెట్టాలి, వచ్చెయ్" అన్నాడు.

"నీకున్నది ఒక్క కారు బావా. అదీ వీధిలోనే ఉంటుంది. లిఫ్టెందుకు?"

"వైద్యుణ్ణి పిలిస్తే మందిస్తాడా, జ్వరమెందుకొచ్చిందని పోట్లాడతాడా? నువ్వు రా."

మేస్త్రి ఒక వారం సెలవు పెట్టి వచ్చాడు. నిజానికి ఆయనకీ ఆ వారం కావలసివచ్చింది. కిందటేడు ఒక లిఫ్టు తాలూకు ఇనప కమ్మీ ఊడి కుడి భుజం మీద పడింది. అప్పట్నుంచి కుడిచెయ్యి చెవి దాకా లేచి అక్కడే ఆగిపోతుంది. ఈ సంగతి అక్కకు చెప్పలేదు, తను పనిచేసే కంపెనీ ఓనరుకి అసలే చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. ఇదివరకు నడుం పట్టేసిన పెద్ద మేస్త్రిని ఓనరు ఫోను పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. పాపం ఆయన ఇప్పటికీ "హలో, లిఫ్టులండీ" అంటూ అక్కడే ఉన్నాడు. వచ్చే సోమవారం ఒక షోరూములో ఆరు లిఫ్టులు బిగించాలి. అన్నిటికీ తలపైన దూలం ఉంటుంది, చేతులు పైకెత్తకుండా ఒక్క బోల్టు కూడా బిగియదు. ఈ వారంలో భుజం ఎలాగోలా దారికి రావాలని మేస్త్రి దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాడు.

మొదటిరోజు గ్యారేజీ తలుపు తీసి చూసేసరికి మేస్త్రికి కళ్లు తిరిగాయి. నేలంతా గీతలే. లిఫ్టు స్తంభాలు నిలిపే చోట్లు కొలిచి ఆయన తన గీతలు గీసుకున్నాడు. బావ వాటి పక్కనే పూలకుండీకి గుండ్రంగా గీశాడు. ఏది ఎవరి గీతో తెలియక మేస్త్రి నీలం సుద్ద కొనుక్కొచ్చాడు. మర్నాటికి బావ దగ్గరా నీలం సుద్ద ఉంది.

"నువ్వెందుకు కొన్నావు బావా?"

"నీ రంగు బాగుందిరా. కంటికి చల్లగా ఉంది."

జరగవలసిందే జరిగింది. పద్దెనిమిదేళ్లలో ఒక్క రంధ్రం తప్పని మేస్త్రి మొదటి రంధ్రాన్ని తిన్నగా పూలకుండీ గీత మీద పెట్టేశాడు. అయిదంగుళాల లోతు. చూసుకుని తల పట్టుకున్నాడు. బావ మాత్రం గొంతుక్కూర్చుని ఆ రంధ్రం చుట్టూ కూడా ఒక గీత గీసి, "నీట్‌గా పడిందిరా" అని మెచ్చుకున్నాడు. దాన్ని సిమెంటుతో పూడ్చి, ఆరే దాకా రెండు రోజులు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవలసి వచ్చింది.

ఆ రెండు రోజుల్లో ఒక మధ్యాహ్నం మేస్త్రి అన్నం తిని గ్యారేజీలోనే కునుకు తీశాడు. లేచి ముఖం కడుక్కుందామని వెళ్లాడో లేదో, అక్క కాఫీ పట్టుకొచ్చి కెవ్వుమంది. నేలమీద మనిషి ఆకారంలో గీత ఉంది, మనిషి లేడు.

"ఏమండీ! మా తమ్ముణ్ణి ఏం చేశారండీ?"

"కొలిచానే" అన్నాడు బావ. "కారు కిందకి దూరే చక్రాల బల్ల ఎంత పొడుగుండాలో తెలియొద్దూ?"

"కారు కిందకి నువ్వెప్పుడు దూరావు బావా?" అన్నాడు మేస్త్రి తడి ముఖంతో వస్తూ. "నీకు టైరెక్కడుందో తెలుసా అసలు?"

"కిందే కదరా ఉంటుంది" అన్నాడు బావ.

ఇంకోరోజు గోడ దగ్గర నిలబెట్టాడు. "రెండు చేతులూ పైకెత్తు." మేస్త్రి ఎడంచెయ్యి నిటారుగా లేపి, కుడిచేత్తో జుట్టు సవరించుకుంటున్నట్టు నటించాడు. బావ గోడమీద ఏదో గీసుకుని ఈలవేస్తూ వెళ్లిపోయాడు.

లిఫ్టు రకం దగ్గర అసలు యుద్ధం జరిగింది. తలపైన దూలం ఉండే రకం పెడితే నేల చదునుగా ఉంటుంది. కింద రేకు ఉండే రకమైతే కాలికి తట్టుకుంటుంది. ఈ ముక్క బుద్ధి ఉన్నవాడెవడికైనా అర్థమవుతుంది. "కింద రేకుదే" అన్నాడు బావ. సరేనన్నాడు మేస్త్రి. మోటారు బటన్లు మామూలుగా తల ఎత్తులో పెడతారు. "నడుం ఎత్తులో పెట్టు" అన్నాడు బావ. పళ్లు కొరికి అలాగే పెట్టాడు. ఆఖరికి లిఫ్టు నిలబడింది, మేస్త్రి పెట్టిన సెలవులో ఒక్కరోజు మిగిలింది.

ఆ రోజు పనిముట్లు తగిలించే కొక్కేల పని. బావ గీతలు చూసి మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. గోడ కింది సగమంతా గీతలతో కిక్కిరిసి ఉంది. రెంచీ పక్కన రెంచీ, కటింగ్ ప్లయరు నెత్తిమీద జాకీ. పై సగం మాత్రం ఖాళీగా ఉంది.

"అక్కా! ఇటొచ్చి చూడు మీ ఆయన చేసిన ఘనకార్యం! ఇంత గోడ పెట్టుకుని పై సగం గాలికొదిలేశాడు! చోటు సర్దడమంటే ఇదేనా? ఇరవై గ్యారేజీలు సర్దినవాణ్ణి నేను. నా తల ప్రాణం తోకకొస్తోంది!"

"నాకు చెబుతావేంరా? నేను ఇరవయ్యేళ్లుగా పడుతున్నా" అంది అక్క గుమ్మంలోంచి.

"కొక్కేలు ఎక్కడ కొట్టాలో నేను చూపిస్తా. సుద్దముక్క ఇటివ్వు బావా!"

కోపంలో మేస్త్రి సుద్దముక్క లాక్కుని కుడిచేత్తో గోడమీద పైకి గీయబోయాడు. చెయ్యి చెవి దాకా వెళ్లి ఆగింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మసకలోనే చూశాడు. సుద్దముక్క సరిగ్గా ఎక్కడ ఆగిందో అక్కడ, గోడ ఈ చివర్నుంచి ఆ చివరికి, బావ గీసిన అడ్డగీత ఉంది. పనిముట్ల గీతల్లో ఒక్కటి కూడా దాన్ని దాటలేదు.

అక్కకి విషయం అప్పుడే అర్థమై కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీకెప్పుడు తెలిసింది బావా?" అన్నాడు మేస్త్రి.

"కిందటేడే. ఆ మధ్య వచ్చినప్పుడు చొక్కా కూర్చుని తొడుక్కున్నావు. మామూలుగా అయితే నడుస్తూ తొడుక్కుంటావు కదా." బావ ముఖం పక్కకి తిప్పుకుని దుమ్ములేని బల్ల తుడవసాగాడు. "లిఫ్టు నాకేం చేసుకోవడానికిరా? ఉన్న ఒక్క కారూ వీధిలోంచి కదిలిందే లేదు, బస్సెక్కడమే వచ్చు నాకు. నువ్వు ఇక్కడే నీ చేతికందే ఎత్తులో నాలుగు కార్లు బాగుచేసుకో. నువ్వే చెప్పావుగా మీ పెద్ద మేస్త్రి సంగతి, అలా ఫోను పక్కన కుర్చీలో నువ్వు కూర్చోలేవు. అరగంటకే ఆ కుర్చీ విప్పేస్తావు."

మేస్త్రికి ప్రేమ పొంగింది, దానికంటే ఎక్కువగా ఒళ్లు మండింది. "ఈ ముక్క మొదటిరోజే చెప్పొచ్చు కదా! వారం రోజులు నన్ను కాల్చుకు తిన్నావు!"

"చెబితే వచ్చేవాడివా? నాకేం కాలేదని వాదించేవాడివి."

అది నిజమే. మేస్త్రి ఫోను తీసి ఓనరుకి చేశాడు. సోమవారం పనికి వేరేవాణ్ణి పంపమనీ, తన భుజం ఏడాదిగా బాగాలేదనీ ఒక్క గుక్కలో చెప్పేశాడు. అవతల ఓనరు కాసేపు తిట్టాడు. భుజం బాగాలేనందుకు కాదు, చెప్పనందుకు. మూడు నెలలు సెలవిచ్చాడు.

ఫోను పెట్టి వెనక్కి తిరిగేసరికి బావ స్టూలు మీద ఎక్కి ఉన్నాడు. అడ్డగీత పైన, ఖాళీగా వదిలిన గోడమీద, వేలెడు వేలెడు ఎడంలో చిన్నచిన్న గీతలు గీసుకుంటూ పోతున్నాడు.

"ఇవేంటి బావా మళ్లీ?"

"డాక్టర్ని అడిగాను. రోజూ గోడమీద వేళ్లు నడిపించాలట. వారానికి ఒక గీత ఎక్కు. ఎంత ఎక్కితే కొక్కేలు అంత పైకి జరుపుతా."

"ఇన్నా? లెక్క వేశావా? అసలు నా చెయ్యి ఎంత పొడుగో తెలుసా నీకు? ఆ పై నాలుగూ నేను కాళ్ల వేళ్ల మీద నిలబడినా అందవు!"

"అవి నీకు కాదురా" అన్నాడు బావ చూరు దాకా గీస్తూనే. "పిల్లి వస్తే ఎక్కుతుంది."