రష్యా గడప దగ్గర నెగ్గిన నా మాట

ఈ రోజు నా ఆనందం ఇంతా అంతా కాదండీ! మా అమ్మాయి రష్యాలో నది ఒడ్డున పాతకాలపు చెక్క ఇళ్లు, చేతిపనులు కాపాడుకుంటున్న ఒక పల్లెటూరు చూడటానికి వెళ్లి, పుంగ్గోల్‌లో ఇంట్లో ఉన్న నాకు వీడియో కాల్ చేసింది.

కొయ్యబొమ్మ కొని, గుమ్మం బయట నుంచే చెయ్యి చాపిందట. బొమ్మలమ్మే ముసలావిడ తల అడ్డంగా ఊపి, లోపలికి పిలిచి మరీ ఇచ్చిందట.

"గడప మీదుగా ఇవ్వకూడదంట నాన్నా!"

"నేను చెబితే చాదస్తం అన్నావు కదమ్మా?"

"సర్లే, నువ్వే గెలిచావు."

ఆ మాట కోసం ఎన్నేళ్లుగా ఎదురుచూశానో! ఇక్కడ నా పక్కనే కూర్చుని అల్లుడుగారు అంతా విన్నారు. సాయంత్రం పార్సిల్ వస్తే, గుమ్మం దాటి బయటికెళ్లి అందుకున్నారు.

మా ఫ్లాట్ గుమ్మానికి అసలు గడపే లేదు. ఆ సంగతి నేను చెప్పలేదు. చెప్పమంటారా?