మా గడప తొక్కని మల్లయ్య పెద్దబాపు

మా చిన్నప్పుడు... లాల్‌పేట్ బొగ్గుగని కాడ మా బస్తీల సగం ఇండ్లు ఒక్క మనిషి పిలిస్తే వచ్చినయే. ఆయనే మల్లయ్య పెద్దబాపు. మా ఊరోళ్లల్ల అందరికన్న ముందు మహారాష్ట్రల ఈ చాందాకు వచ్చిండు. "పని ఉన్నది, రాన్రి" అని ఊరికి కబురు పంపేటోడు.

అప్పుడు ఒక పద్ధతి ఉండె. కొత్తోడు గనిల దిగిన మొదటి రోజు, పిలిచినోడే వెంట దిగాలె. మా బాపును గూడ ఆయనే దింపిండు. ఆ వానకాలం గనిల కప్పు కూలి మా బాపు పోయిండు... పెద్దబాపు ఆ రోజు వేరే షిఫ్టుల ఉండె.

అప్పటి సంది ఆయన మా ఇంట్లకు రాలే.

బస్తీకి నల్లా కావాలె, మోరీ కావాలె అని మునిసిపాలిటీ సుట్టు తిరిగిండు. వచ్చీరాని మరాఠీల కొట్లాడిండు. జనమే ఆయనను ఎన్నికలల్ల నిలవెట్టిన్రు. ఇల్లిల్లు తిరిగి దండం పెట్టిండు... మా ఇల్లొక్కటి ఇడిసిపెట్టి.

పక్కింటి లచ్చవ్వ నవ్వింది. "ఏందే, మీ ఓటు చేదున్నదా?"

మా అమ్మ పోయి ఓటేసొచ్చింది.

గెలిచినంక గులాల్ జల్లుకుంట ఊరేగింపు మా గల్లీలకు వచ్చింది. మొగడు పోయిన మనిషి, హారతి పట్టరాదు గద... మా అమ్మ చెంబు నిండ నీళ్లు పట్టుకొని వాకిట్ల నిలవడ్డది.

"బావా, మా గడప ఏం పాపం చేసింది?"

డప్పులు ఆగినయి. పెద్దబాపు తల ఎత్తలే. "నేను పిలవకపోతే తమ్ముడు వచ్చేటోడా, చెప్పు."

"గదంత నాకెరుక లేదు. ఆయన కాళ్లతోని ఆయన వచ్చిండు. నువ్వు నీళ్లు తాగు."

తాగిండు... బయట నిలవడే. లోపలికి మాత్రం రాలే. సచ్చేదాక రాలే.

మా మీద ఏం కోపమో అనుకునేటోన్ని నేను.

పోయిన ఎండకాలం మా చెల్లె మనుమడు ఊర్ల ఖాళీగున్నడంటే నేనే పిలిపించిన. చాందా పక్కన ఘుగ్గుస్ గనిల కాంట్రాక్టు పని. మొదటి రోజు వెంట దిగుదామని పోతే, ముసలోన్ని గేటు కాన్నే ఆపిన్రు. ఇప్పుడు గా పద్ధతి ఎవలకూ తెల్వదు. వాని తండ్రి ఫోను చేసి "మామా, పోరడు మంచిగున్నడా?" అంటడు... మంచిగనే ఉన్నడు. ఐనా గంత చెప్పి జల్ది ఫోను పెట్టేస్త.

మీరు సుత ఊరు ఇడిసి వచ్చినోళ్లే గద, మిమ్ములను ఈడికి పిలిచింది ఎవరు? బతికుంటే పోయి కలువున్రి... ఒక్కపాలి మీ ఇంట్లకు రమ్మనున్రి.