మరదలి నోటి మాట

నా మరదలికి తెలుగు చదవడం రాదు. ఈ సంగతి మీద నాకు చాలా ఏళ్ళుగా లోలోపల ఒక సంతోషం ఉండేది. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, ఉండేది.

ఆమె మా తమ్ముడి భార్య. ఇక్కడే అండమాన్‌లో, సిప్పీఘాట్‌లో పుట్టింది, హిందీ బడిలో చదివింది. సరుకుల చీటీ రాయాల్సి వస్తే కందిపప్పునీ చింతపండునీ హిందీ అక్షరాల్లో రాస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లో మాలాంటి తెలుగు ఇళ్ళల్లో సగం చీటీలు అలాగే ఉంటాయి. నాకు మాత్రం మా నాన్న పట్టుబట్టి అక్షరాలు నేర్పించాడు. ఓడలో వారాల తరబడి ఆలస్యంగా వచ్చే పత్రికలు తెప్పించి, ఒక్క పేజీ కూడా వదలకుండా నా చేత పైకి చదివించేవాడు. అలా పట్టుకుంది నాకు మాటల పిచ్చి. ఒక్క మాట కోసం నిఘంటువు ముందేసుకుని ఆదివారమంతా కూర్చున్న రోజులున్నాయి. పగలు ఆఫీసులో ఫైళ్ళు చూసుకుంటూ, ఇంటికొచ్చి కథలు రాసుకుంటూ, ఈ ఊళ్ళో తెలుగులో రాసేది నేనొక్కదాన్నే అని కాస్త మిడిసిపడుతూ బతికాను.

అంత చేసీ ఏం లాభం? కింద వాటాలో ఈ పిల్ల నోరు తెరిస్తే చాలు, నా ఆదివారాలన్నీ దండగే.

ఒకసారి మా తమ్ముడు దేనికో కేకలేసి బయటికి వెళ్ళిపోయాడు. నేను సర్దిచెప్పడానికి కిందికి దిగాను. ఆమె సురమై చేప ముక్కలు కోస్తోంది. తల కూడా ఎత్తలేదు. "మీ తమ్ముడి కోపం ఇంజన్ ఆపేసిన బోటు వదినా. ఇంకాసేపు దానంతటదే పోద్ది. ఒడ్డు తగిల్తే అదే ఆగుద్ది, ఛోడో" అంది. నేను ఓదార్చడం మానేసి పైకి వెళ్ళి ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఇంకోసారి పక్కింటావిడ వచ్చి తెగ పొగిడి వెళ్ళింది. "ఆ దీదీ పొగిడి ఎలిపోయాక ఇంట్లో గిన్నెలు లెక్కెట్టుకోవాలి" అంది మరదలు. అదీ రాసుకున్నాను. ఒళ్ళు మండిపోయేది నాకు. నేను చెమటోడ్చి తవ్వితే రానిది, ఆమె నోట్లోంచి ఉత్తినే రాలిపడేది. పైగా తను ఏం అందో తనకే గుర్తుండేది కాదు. నాకు కడుపుమంట ఎక్కువైంది అందుకే. దాచుకోవాలన్న ధ్యాస లేనివాళ్ళకే ఇంత ఇవ్వాలా దేవుడు?

మా అమ్మ పోయినప్పుడు నేను పక్కనే ఉన్నాను. చెయ్యి నా చేతిలోనే ఉంది. తర్వాత పన్నెండు పేజీలు రాశాను. అన్నీ పొందికైన వాక్యాలే. ఒక్కదానికీ ఊపిరి లేదు. చింపి పారేశాను.

ఆ తర్వాత రెండేళ్ళకి మరదలి వాళ్ళమ్మకి జబ్బు చేసింది. వైద్యానికని కొడుకు విశాఖపట్నం తీసుకెళ్ళాడు. అక్కడే పోయింది. వానలు దంచికొడుతున్న రోజులు. రెండు రోజులు విమానాలు రానే లేదు. ఓడకి ఇంకా పది రోజులుంది. మా తమ్ముడు పొద్దుటి నుంచీ టికెట్లమ్మే కుర్రాడి కొట్లోనే కూర్చున్నాడు. వాన తెరిపిచ్చి విమానాలు మొదలయ్యేసరికి ముందు ఆగిపోయినవాళ్ళతోనే అన్నీ నిండిపోయాయి. అక్కడ దహనం అయిపోయిందని ఫోనొచ్చింది. మరదలు సముద్రంలో స్నానం చేసి వచ్చి, తడి జుట్టుతో మెట్ల మీద కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఇన్ని మాటలు తెలిసినదాన్ని, ఒక్క మాటా రాలేదు నాకు.

ఆమే అంది. "అందరూ అమ్మ పోయిందంటన్నారు వదినా. నాకు టికెట్ దొరకలేదు కదా. నాకింకా పోలేదు."

ఆమెని దగ్గరికి తీసుకుని ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను, అందులో నటన లేదు. కానీ ఏడుస్తూనే ఆ మాటని మనసులో మూడుసార్లు అనుకున్నాను, ఎక్కడ మర్చిపోతానో అని. పైకి వెళ్ళగానే రాసిపెట్టుకున్నాను.

సంవత్సరం తిరిగాక అది కథ అయింది. 'నేను' అంటూ నా కథలాగే రాశాను. చివరి వాక్యం ఆమెదే. యాస తీసేసి అచ్చు భాషలోకి మార్చానంతే. పత్రిక నుంచి ఫోన్ చేసినాయన "ఆ చివరి వాక్యం ఒక్కటి చాలండీ" అన్నాడు. థాంక్స్ చెప్పాను. నా సొంత వాక్యాలు అందులో రెండు వందలుంటాయి, వాటి ఊసే ఎత్తలేదు ఆ మహానుభావుడు.

మరదలికి చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? ఆమెకి చదవడం రాదు, మా తమ్ముడికి ఓపిక లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె అరటికాయ బజ్జీల పళ్ళెంతో పైకి వచ్చింది. "వదినా, నీ కథ అచ్చయిందంట కదా. చదివి వినిపించు" అంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. తప్పించుకునే దారి లేక పత్రిక తీసి చదవడం మొదలుపెట్టాను. ఆమె కింద చాప మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటోంది. చివరి పేరా దాకా వచ్చాను. ఆ వాక్యం వదిలేశాను. అప్పటికప్పుడు నోటికొచ్చింది కల్పించి, "అమ్మ నా జ్ఞాపకాల్లో చిరంజీవిగా నిలిచిపోయింది" అని చదివి పత్రిక మూసేశాను. నా జన్మలో అంత చచ్చు వాక్యం ఎప్పుడూ అనలేదు.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది."

"ఒకటి వదిలీసావు" అంది మెల్లిగా. "తాతగారు చదివారు కదా. వంట చేస్తా నాలుగుసార్లు విన్నాను."

నేను మర్చిపోయింది అదే. మా తెలుగు సంఘం పెద్దాయన ఒకరున్నారు, అందరూ తాతగారంటారు. ఇక్కడి పిల్లలకి అక్షరాలు రావని, తెలుగులో ఏది కనిపించినా తనే పైకి చదివి, ఆ గొంతు రికార్డు చేసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెడతారు. రానివాళ్ళంతా అలా వింటారు. చదవడం వచ్చినదాన్ని నాకెందుకులే అని ఆ గ్రూపు నేనెప్పుడూ తెరవను. ఈ దీవిలో చదవడం రాకపోవడమంటే తెలియకపోవడం కాదని, అక్షరాలొచ్చిన నాకే తట్టలేదు.

"నీ నోటితో వినాలని వచ్చాను" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు బాగుండేది. పోట్లాడేదాన్ని, కథంటే ఏమిటో, కల్పన అంటే ఏమిటో ఉపన్యాసం ఇచ్చేదాన్ని.

పత్రిక మళ్ళీ తెరిచి ఆ వాక్యం చదివాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత దగ్గరికి జరిగి, "ఎక్కడుంది? చూపించు" అంది. వేలు పెట్టి చూపించాను. తన వేలు అక్కడ పెట్టి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నెమ్మదిగా జరిపింది. ఆ తర్వాత పేజీలు వెనక్కి తిప్పి, కథ మొదట్లో లావు అక్షరాల దగ్గర ఆగింది.

"ఇదేటి?"

"అది కథ పేరు."

"దాని కిందది?"

అబద్ధం చెప్పొచ్చు. ఆమెకి తెలిసే దారి లేదు.

"నా పేరు" అన్నాను.

ఆమె ఆ పేరు వంక కాసేపు చూసింది. "అయితే చదివినోళ్ళు మీ అమ్మ పోయిందనుకుంటారు. నువ్వే ఎళ్ళలేకపోయావనుకుంటారు."

"అవును."

"నువ్వు పక్కనే ఉన్నావు కదా వదినా. ఎళ్ళలేనిది నేను."

పళ్ళెం తీసుకుని కిందికి వెళ్ళిపోయింది. నేను పత్రిక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను, అది నిజం. ఎంత బాగా అంది, ఈ మాట నాకెందుకు రాదు అని ఆ సిగ్గులోనే మళ్ళీ కుళ్ళుకున్నాను, అదీ నిజమే.