మార్కెట్టు వీధిలో జనం

ఆఫీసుకు వచ్చేపోయేవాళ్ళందరూ ఆమెను వదిన అనే పిలిచేవారు. నిజానికి ఆమె వదినయ్యేది కంప్యూటర్ ముందు కూర్చుని కోడ్ రాసే మరిదికి ఒక్కడికే. రెండు గదుల్లో ఆ ఇద్దరే వీడియో గేములు తయారుచేస్తారు. ఎంతటి పెద్దమనిషి వచ్చినా వదిన మొహమాటపడే రకం కాదు. ముందు కుర్చీ వేసేది, ఆనక ప్రశ్నలతో దులిపేసేది.

కొత్త గేమ్ కన్సోల్ కంపెనీ ప్రతినిధికీ అదే మర్యాద జరిగింది. "మీ మిషన్ ఎంతమంది కొంటారు? అమ్మకాల్లో మా వాటా ఎంత? మధ్యలో చేతులెత్తేస్తే మా గతేంటి?" అని అడిగింది. పోయినసారి ఇంకో కంపెనీని నమ్మి చేసిన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరైంది మరి. ఇతను దేనికీ తడుముకోలేదు. గేమ్ తయారీకని ప్రత్యేకమైన మిషన్ కూడా ఇచ్చి వెళ్ళాడు. దాని మీద గేమ్ నల్లేరు మీద బండిలా సాగింది. ఇది గట్టెక్కితే ఆఫీసు గట్టెక్కినట్టే.

అక్కడే పప్పులో కాలేశారు. తయారీకిచ్చే మిషన్‌లో దుకాణంలో అమ్మేదానికన్నా మెమరీ ఎక్కువ ఉంటుంది, తప్పులు వెతుక్కోవడానికి. ఆ సంగతి మరిదికి తెలుసు. తెలిసీ, చోటుంది కదా అని అంతా నింపేశాడు. తీరా అమ్మకపు మిషన్ వచ్చాక చూస్తే, జనంతో కిటకిటలాడే మార్కెట్టు వీధి రాగానే మెమరీ చాలక గేమ్ కొయ్యబారిపోయింది.

"జనాన్ని తీసెయ్యాలి వదినా," అన్నాడు తలెత్తకుండా.

ఆ జనాన్ని గీసింది వదిన భర్త. వీధిలో కనబడ్డవాళ్ళందరి నడకలూ గీసుకొచ్చి, వాళ్ళ మధ్య తన నడకనూ కలిపాడు. ఒక చెయ్యి జేబులో, ఎదురైన ప్రతివాడితోనూ ఆగి కబుర్లు. గేమ్ పూర్తికాకముందే ఆయన గుండె ఆగి పోయాడు. వదిన రోజూ పని మొదలుపెట్టేముందు ఆ వీధిని ఒకసారి తెరిచి చూసుకుంటుంది. ఆ మాట ఎవరితోనూ అనదు. మరిది కూడా చూడనట్టే ఉంటాడు.

అందుకే అతను మిగతా అందరినీ తీసేసి, అన్నను మాత్రం ఉంచాడు. గేమ్ నడిచింది. ఖాళీ వీధిలో ఆయన కాస్త దూరం వెళ్ళి ఆగాడు, పక్కకు తిరిగాడు, ఎవరూ లేనిచోట తలూపుతూ నిలబడ్డాడు. మళ్ళీ కాస్త నడిచి మళ్ళీ ఆగాడు.

"ఇంకో నలుగురిని పెట్టలేవా?"

"పెడితే ఆగిపోతోంది వదినా."

ఈ అవకాశం పోతే గదులు ఖాళీ చేయాల్సి వస్తుందని ఆమెకు తెలియనిది కాదు. అయినా ప్రతినిధికి ఫోన్ చేసి, మీ మిషన్ మీదికి మా గేమ్ రావట్లేదంది.

"వాటా తక్కువైందా మేడమ్? పెంచమని మావాళ్ళతో మాట్లాడతాను. పోనీ, సాయానికి మా ఇంజనీర్‌ని పంపమంటారా?"

"మీ తప్పేం లేదు బాబూ," అంది వదిన. "మీ మిషన్‌లో మా ఆయనకి ఏమీ తోచట్లేదు."