ఆదివారం దాకా ఆగమంది

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. గుంటూరులో మెడిసిన్ చదివేటప్పుడు శవాల గది పక్కనే కూర్చుని టిఫిన్ తిన్నదాన్ని. సైకియాట్రీలోకి వచ్చాక ఇంకా మొండిదాన్నయ్యాను. ఎవరికైనా ఎవరో కనిపిస్తున్నారంటే దానికి మా దగ్గర ఒక పేరు, ఒక మాత్ర ఉంటాయి. ఈ ఒక్క సంగతికి మాత్రం పేరూ దొరకలేదు, మాత్రా దొరకలేదు.

దక్షిణాఫ్రికాలో తెల్లా నల్లా తేడా లేకుండా అందరూ మొదటిసారి కలిసి ఓటేసిన మరుసటి ఏడాది, డర్బన్‌లో ఒక సర్కారు ఆసుపత్రిలో చేరాను. వార్డుల గుమ్మాల మీద "తెల్లవారికి మాత్రమే" బోర్డులు పీకేసిన మేకుల గుర్తులు అప్పటికింకా పూడ్చలేదు.

అక్కడి పేషెంటు అప్పలమ్మది డర్బన్ పక్కనే మనవాళ్లుండే ఫీనిక్స్. ముత్తాతలు మన వైపు నుంచి చెరకు తోటల పనికి వచ్చినవాళ్లు. ఆమెకు యాభై దాటాయి. ఇరవై ఏళ్లుగా స్కిజోఫ్రీనియా. ఎప్పుడో పోయిన వాళ్ల అవ్వ కనిపిస్తుంది, మాట్లాడుతుంది. దానికి తోడు షుగరు. కుడి పాదం నల్లగా కుళ్లిపోయింది. తీసేయాలన్నాడు సర్జన్. ఆమె సంతకం పెట్టనంది.

వద్దని చెప్పగల తెలివి ఆమెకు ఉందో లేదో తేల్చమని శుక్రవారం పొద్దున నన్ను పిలిచారు. ఉందని నేను రాస్తే ఆమె మాటే చెల్లుతుంది. లేదని రాస్తే ఆమె తమ్ముడి సంతకం చాలు.

అడిగాను. పాదం చచ్చిపోయిందనీ, విషం పైకి ఎక్కుతుందనీ, కొయ్యకపోతే తను బతకదనీ ఆమే చెప్పింది. మా జూనియర్లు కూడా అంత తేటగా చెప్పలేరు. మరి ఎందుకొద్దన్నావంటే ఎడమచేతి మణికట్టు చూపించింది. పసుపు దారం. అక్కడి మనవాళ్లు గుడిలో నిప్పులు తొక్కే మొక్కుకి పది రోజుల ముందు కట్టుకుంటారు. మొక్కు ముగిసి పూజారి విప్పేదాకా ఒంటి మీద కత్తి పడకూడదు. ఆసుపత్రిలో ఉండి ఆమె ఈసారి నిప్పులు తొక్కే వీల్లేదు, నిజమే. ఆదివారం గుడిలో మొక్కులు ముగిశాక పూజారే వార్డుకొచ్చి విప్పుతానన్నాడట.

"సండే పూజారి వస్తడు, దారం ఇప్పుతడు. దెన్ యు కట్. నేనే సైన్ చేస్తను," అంది.

రెండు రోజులు. ప్రమాదమే కానీ మందులతో లాగొచ్చని సర్జనే అన్నాడు. మొక్కు పిచ్చి కాదు. మా అమ్మకీ ఉన్నాయి అలాంటివి. తెలివి ఉందని రాయడానికి పెన్ను తీశాను.

అప్పుడామె నా భుజం వెనక్కి చూసింది. అక్కడ ఖాళీ గోడ. కాసేపు వింటున్నట్టు తలాడించి నాతో అంది:

"మీయమ్మ కట్టిన దారం నువ్వు నెయిల్ కట్టర్‌తో కోసేసినావంట గదా డాక్టరమ్మా. నీళ్లల్ల ఇడిసినావంట. అవ్వ చెప్తంది."

నేను బయల్దేరేముందు అమ్మ వరలక్ష్మీ వ్రతం తోరం నా చేతికి కట్టింది, తొమ్మిది ముడులు. డ్యూటీలో చేరిన మొదటి రోజు, తెల్లకోటు కింద మాసిపోయి కనిపిస్తోందని క్వార్టర్స్ బాత్రూంలో కోసేశాను. నెయిల్ కట్టర్‌తోనే. టాయిలెట్‌లో వేసి నీళ్లు వదిలాను. తలుపు గడియ వేసుంది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మకి రాసిన ఉత్తరాల్లో ఇంకా చేతికే ఉందని రాసేదాన్ని.

నాకు భయమేసింది. ఆ గదిలోంచి బయటపడితే చాలనిపించింది. ఫారం మీద గబగబా రాసేశాను: లేని మనుషుల మాటలు వింటోంది, నిర్ణయం తీసుకునే స్థితిలో లేదు.

మధ్యాహ్నానికి తమ్ముడు సంతకం చేశాడు. థియేటర్లోకి దారాలు రానివ్వరు కాబట్టి సిస్టర్ కత్తెరతో కోసేసింది. అప్పలమ్మ గొడవ చెయ్యలేదట.

ఆపరేషన్ బాగా జరిగింది. మంచి నిర్ణయమని సర్జన్ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆదివారం పూజారి వచ్చి, ఆమె ఉత్త చెయ్యి చూసి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నేను మంచం దగ్గరికి వెళ్లాను. ఆమె నాకేసి చూడలేదు.

"టుడే నేనే సైన్ చేసేదాన్ని," అంది.

బాత్రూం సంగతి ఆమెకెలా తెలిసిందో ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను. ఊహించి అందనుకుందామంటే నెయిల్ కట్టర్ దగ్గర ఆగిపోతాను. నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను.

తెలిసిందల్లా ఒకటే. ఆ రోజు ఆమె చెప్పిన ప్రతి మాటా నిజం. అది నిజమని తెలిసిన మనిషి ఆ ఆసుపత్రి మొత్తంలో ఒక్కతే ఉంది. ఆమె పిచ్చిదని సంతకం పెట్టింది కూడా ఆ మనిషే.