ఇటుక గోడ అడిగిన డాక్టరమ్మ

డాక్టర్ యశోద ఇక లేరు. పోయిన సోమవారం మధ్యాహ్నం, రోగితో మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆమె గుండె ఆగిపోయింది. ఆమెతో కలిసి ఒకే దవాఖానలో వైద్యం చేసినవాణ్ణి, ఆమె గుండె జబ్బు సంగతి ఎరిగినవాణ్ణి. అయినా ఆ మరణాన్ని నా బుద్ధి ఇంకా అంగీకరించడం లేదు. మా నేతపేట కుంఠా నాకాలో ఆమె చేయి తగలని కుటుంబం లేదు. ఎలా వెళ్లిపోయారని అందరూ అడుగుతున్నారు. చెప్పవలసినవాణ్ణి నేనే.

ఆమె సాంచాల ఇంట పుట్టారు. ఆ పవర్‌లూమ్‌ల మోతలోనే పెరిగి, చిన్నతనంలోనే సగం వినికిడి పోగొట్టుకున్నారు. చెవికి మిషన్ పెట్టుకునే వైద్యవిద్య పూర్తి చేశారు. రోగి ఎంత పేదవాడైనా, తన కుర్చీ దగ్గరికి జరుపుకుని, చెవి దగ్గర నోరు పెట్టి జబ్బు సంగతి చెప్పేవారు. "రోగం ఎవరిది వాళ్లదే తమ్మీ. గల్లీ అంత పంచేటందుకు అది ప్రసాదం గాదు" అనేవారు.

మూతబడిన ఒక కార్ఖానాను దవాఖానగా మార్చాలనుకున్నప్పుడు, ఆమె సుద్దముక్కతో నేల మీదే నక్షా గీశారు. బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని పని చేసుకుంటూ కూర్చునేంత హాలు. దానికి దూరంగా రెండు పరీక్ష గదులు. మంచం తలుపుకు ఎదురుగా ఉండకూడదు. గోడ ఇటుకతో ఉండాలి.

"గోడ కప్పు దాక పోవాలె తమ్మీ."

"ప్లైవుడ్ చాలక్కా. మీద ఖాళీ ఉంటె గాలొస్తది. రెండు గదుల జాగాల నాలుగైతయి."

"గాలొస్తె మాట పోతది. మనోళ్ల చెవులన్నీ సాంచాలు తినె. ఒర్రి చెప్తెనే ఇనవడ్తది."

"పుణెల నేను పనిజేసిన దవాఖాన ఇట్లనే ఉండెనక్కా."

"పుణెల నీ దవాఖానకు సాంచాలోళ్లు వస్తరా ఏంది?" అని నవ్వారు. తర్వాత సుద్దముక్క నా చేతిలో పెట్టారు. "ముందు ముందు నడిపేటోడివి నువ్వు. కానియ్."

నాలుగు గదులూ నేను కోరినట్టే వచ్చాయి.

ఒకనాడు ఒక నేతకార్మికుడు వచ్చాడు. పేరు చెప్పను. ఒకసారి ఊరందరికీ చెప్పాను, అది చాలు. అతనికి క్షయ. తల వంచి చీటీ రాసుకుంటూ మెల్లగా చెబితే "ఏందీ?" అన్నాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ "ఏందీ?" విసుగొచ్చి అరిచాను: "టీబీ! నీకు టీబీ ఉంది!" హాలులో చాటల చప్పుడు ఆగిపోయింది. అతను ఇల్లు చేరకముందే కబురు చేరింది. కార్ఖానాలో పక్కన నిలబడి చాయ్ తాగేవాళ్లు లేకపోయారు. ఆ హాలు దాటి లోపలికి రావడానికి సిగ్గుపడి మందులు మానేశాడు. ఊరి బయటి కుంభారి కాలనీకి మారిపోయాడని విని, యశోదక్క బస్సులో పోయి ఇల్లిల్లూ వెతికారు. దొరికేసరికి జబ్బు మందులకు లొంగే దశ దాటిపోయింది.

నన్ను ఆమె తిట్టలేదు. మరునాడు బీడీల ఆడవాళ్ల మధ్య హాలులో కూర్చున్నారు. మధ్యాహ్నం నా గదిలోకొచ్చి, పొద్దుటినుంచి నేను చూసిన రోగుల గురించి, "ఎర్రచీరామెకు గర్భసంచి జారింది. ముసలాయనకు మూత్రం ఆగుతలేదు. ఆఖరుకొచ్చినోడు తాగుడు మానలే" అని చెప్పి, అరచెయ్యి చాపారు. చెవి మిషన్ ఆ చేతిలో ఉంది. "ఇది తీసే కూసున్న తమ్మీ."

గోడ కట్టిస్తానన్నాను. వానలు పోనియ్యక్కా అన్నాను. పండుగ కానియ్యక్కా అన్నాను. గదులు మూసి పని చేయిస్తే రోగులు తగ్గుతారన్న లెక్క నాది.

ఆమె నా మాట కోసం ఆగలేదు. దవాఖాన వెనుక ఒక సాంచాల షెడ్డు ఉంది. చాటుగా చెప్పుకోవలసిన మాట ఉన్న ఆడవాళ్లను ఆ షెడ్డు గోడ పక్కకు తీసుకుపోయేవారు. ఆ మోతలో మూడో మనిషికి ఏమీ వినబడదు. మోతలో పెదవులు చూసి మాట పట్టుకోవడం మన నేత ఇళ్లలో ఆడా మగా అందరికీ అలవాటే. ఎండలో నిలబడి అట్లాగే వినేవారు, అట్లాగే చెప్పేవారు. "ఎండల నిలవడకు అక్కా, గుండెకు మంచిది గాదు" అంటే, "నీ గదులు సల్లగనే ఉన్నయి గాని, అండ్ల ఆడోళ్లకు నోరొస్తలేదు" అన్నారు.

సోమవారం ఆమె అక్కడే కూలిపోయారు. ఎదుట ఉన్న స్త్రీ వేసిన కేకలు సాంచాల మోతలో ఎవరికీ అందలేదు. ప్లైవుడ్ గదిలో ఉన్న నాకూ అందలేదు. ఆ స్త్రీ పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టి లాగేసరికి చేయగలిగింది ఏమీ మిగల్లేదు.

ఇంతటి వైద్యురాలికి నేను ఏమని నివాళి చెప్పగలను? ఇప్పుడు మేస్త్రీలు ప్లైవుడ్ ఊడదీస్తున్నారు. నిన్న ఆ స్త్రీ ఇంటికి వెళ్లాను. ఆ రోజు అక్కకు ఏ బాధ చెప్పుకుంటున్నదో, ఆ వైద్యమైనా పూర్తి చేద్దామని అడిగాను. ఆమె చాటలోని బీడీ ఆకు కత్తిరిస్తూ తల ఎత్తలేదు.

"అక్కకు చెప్పిన సార్. గంతే."

"నాకు చెప్పమ్మా. ఎవ్వరికీ తెల్వనియ్య."

"నాకేం లేదు సార్. మీరు పోండ్రి."